ల్యాప్‌టాప్ నెట్ ఫోన్‌కి ఇవ్వాలంటే: హాట్‌స్పాటా, లాన్ అడాప్టరా, రూటరా?

ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌కి నెట్ ఇవ్వడం ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా వచ్చు. దానికి ఎదురు పని, అంటే ల్యాప్‌టాప్‌కి వచ్చే నెట్‌ని ఫోన్‌కి ఇవ్వడం, చాలామందికి అవసరం నెత్తిమీదికి వచ్చినప్పుడే గుర్తొస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మొబైల్ డేటా చవకయ్యే దాకా మాత్రం ఇదే పెద్ద అవసరం. ఇంట్లో కంప్యూటర్‌కి బ్రాడ్‌బ్యాండ్ వైరు ఉండేది, ఫోన్‌కి డేటా ప్యాక్ వేయించాలంటే చెయ్యి వచ్చేది కాదు. అప్పట్లో ఇంజినీరింగ్ హాస్టళ్లలో ల్యాప్‌టాప్‌ని హాట్‌స్పాట్‌గా మార్చే కనెక్టిఫై లాంటి సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌ల మీద గది నుంచి గదికి తిరిగేది.

ఇప్పుడు ఆ అవసరం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కాలేజీ హాస్టల్లో గోడకి లాన్ పోర్టు (నెట్ వైరు గుచ్చే సాకెట్) ఉంటుంది, వైఫై మాత్రం వరండా దాటి గదిలోకి రాదు. పీజీలో ఒక లాగిన్‌కి ఒక్క డివైజే అంటారు. సెల్లారులో ఆఫీసు ఉంటే ఫోన్ సిగ్నల్ ఒక్క గీత మీద వేలాడుతుంటుంది, పక్కనే వైరు నెట్ పరుగులు పెడుతుంటుంది. చిన్న ఊళ్లలో కేబుల్ ఆయన వైరు లాగి కంప్యూటర్‌కి గుచ్చి, యూజర్ ఐడీ చీటీ మీద రాసిచ్చి వెళ్లిపోతాడు. రూటరు సంగతి మీరు చూసుకోవాల్సిందే.

దీనికి దారులు అరడజను దాకా ఉన్నాయి. "ఏది బెస్ట్?" అని అడిగితే ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తారు. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: మీ ల్యాప్‌టాప్‌లోకి నెట్ వైరులో వస్తోందా, వైఫైలో వస్తోందా? సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

వైరా, వైఫైయా

వైరులో వస్తుంటే మీ పని తేలిక. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు ఆ సమయంలో ఖాళీగానే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఫోన్ కోసం వాడుకోవచ్చు. వేగం పెద్దగా తగ్గదు. పైసా ఖర్చు లేకుండా విండోస్‌లో ఉన్న హాట్‌స్పాట్‌తోనే పని జరిగిపోతుంది.

వైఫైలో వస్తుంటే కథ వేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఒకటే వైఫై కార్డు. అదే రూటర్ నుంచి నెట్ తీసుకోవాలి, అదే మళ్లీ ఫోన్‌కి పంపాలి. ఒక్కడే మనిషి బావిలో నీళ్లు తోడి, ఆ బిందె తనే మోసుకెళ్లి ఇంట్లో పోసి, మళ్లీ బావికి రావడం లాంటిది. ప్రతి డేటా ప్యాకెట్టూ గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఫోన్‌కి చేరే వేగం సగానికో, అంతకంటే కిందికో పడిపోతుంది. రూటర్ దగ్గర 100 ఎంబీపీఎస్ వస్తున్నా ఫోన్‌లో 40 కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అందుకే వైఫైని వైఫైగా పంచాలనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ వైఫైకి ఫోన్‌నే నేరుగా ఎందుకు కలపకూడదు? దీనికి సరైన కారణాలు రెండో మూడో ఉంటాయి. ఒక లాగిన్‌కి ఒకే డివైజ్ అన్న నియమం. ఫోన్‌కి అందని సిగ్నల్ కిటికీ దగ్గర పెట్టిన ల్యాప్‌టాప్‌కి అందడం. లేదంటే హోటల్లో డివైజ్‌కి ఇంత అని లెక్క కట్టి తీసుకోవడం. ఈ మూడింట్లో ఏదీ కాకపోతే ఇంత తతంగం దండగ.

సిమ్ వేసిన డాంగిల్‌తో ల్యాప్‌టాప్‌కి నెట్ వస్తుంటే దాన్ని వైరు లెక్కలోనే వేసుకోండి, వైఫై కార్డు ఖాళీయే కాబట్టి. అయితే అక్కడ ఇంకో చిక్కు ఉంది, దాని గురించి కింద చెప్తాను.

విండోస్ హాట్‌స్పాట్: పది మందిలో ఎనిమిది మందికి ఇది చాలు

విండోస్ 10లో 2016 ఆగస్టు అప్‌డేట్ నుంచి మొబైల్ హాట్‌స్పాట్ లోపలే ఉంది. విండోస్ 11లోనూ అదే. సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్తే మొబైల్ హాట్‌స్పాట్ కనిపిస్తుంది. ఆన్ చేసే ముందు రెండు వరుసలు చూసుకోవాలి. మొదటిది ఏ కనెక్షన్‌ని పంచాలి అన్నది. వైరు ఉంటే ఈథర్నెట్ ఎంచుకోండి. రెండోది దేని మీద పంచాలి అన్నది. అక్కడ వైఫై, బ్లూటూత్ రెండూ ఉంటాయి, వైఫై పెట్టండి. కింద ఎడిట్ నొక్కి పేరు, పాస్‌వర్డ్ మీకు నచ్చినట్టు మార్చుకోండి. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి. ఒకేసారి 8 డివైజ్‌ల దాకా కలుస్తాయి.

అదే ఎడిట్ పెట్టెలో బ్యాండ్ అని ఒకటి ఉంటుంది, అంటే వైఫై ఏ ఫ్రీక్వెన్సీ మీద నడవాలన్నది. చాలామంది దాని జోలికి పోరు, సగం సమస్యలు అక్కడే పుడతాయి. 5 గిగాహెర్ట్జ్ పెడితే వేగం బాగుంటుంది, అపార్టుమెంట్లలో పక్కింటివాళ్ల వైఫైలతో గొడవ తక్కువ. కానీ గోడ దాటగానే నీరసపడుతుంది, పాత, చవక ఫోన్లకి ఆ నెట్‌వర్క్ పేరే కనిపించదు. 2.4 గిగాహెర్ట్జ్ అన్ని ఫోన్లకీ కనిపిస్తుంది, కాస్త దూరం పోతుంది, రద్దీ మాత్రం ఎక్కువ. ఫోన్ అదే గదిలో ఉంటే 5, పక్క గదిలోనో పాత ఫోనో అయితే 2.4. ఎనీ అని వదిలేస్తే విండోస్ తనకి తోచింది పెడుతుంది. అది మీ ఫోన్‌కి సరిపడుతుందన్న గ్యారంటీ లేదు.

వైఫైని వైఫైగా పంచేవాళ్లకి ఈ బ్యాండ్ ఇంకో రకంగా అడ్డం తిరుగుతుంది. ఒక్కో బ్యాండ్‌లో ఛానెళ్లు అనే చిన్న చిన్న దారులుంటాయి, రూటర్ ఏ ఛానెల్ మీద ఉంటే చాలా కార్డులు హాట్‌స్పాట్‌ని కూడా అదే ఛానెల్ మీద నడుపుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లు కూడా వాడుకునేవి. ఆ ఛానెళ్ల మీద సొంతంగా నెట్‌వర్క్ నడపాలంటే రాడార్ వస్తే తప్పుకోవడం తెలిసి ఉండాలి. మామూలు ల్యాప్‌టాప్ కార్డులు ఆ బాధ్యత నెత్తిన వేసుకోవు, అందుకని హాట్‌స్పాట్ ఆన్ కాకుండా మొరాయిస్తుంది. రూటర్ మీ చేతిలో ఉంటే దాని ఛానెల్ 36 నుంచి 48 లోపు పెట్టండి. మీ చేతిలో లేకపోతే ల్యాప్‌టాప్‌నే రూటర్ 2.4 నెట్‌వర్క్‌కి కలిపి అప్పుడు హాట్‌స్పాట్ ఆన్ చేసి చూడండి.

ఇంకా తెలిసి ఉండాల్సిన రెండు చిన్న విషయాలు. ఏ డివైజూ కలిసి లేకపోతే కరెంటు ఆదా కోసం హాట్‌స్పాట్ కొన్ని నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. రాత్రి ఫోన్ పక్కన పెట్టి పొద్దున తీస్తే నెట్ ఉండకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఆ పవర్ సేవింగ్ మీట అక్కడే ఉంటుంది, తీసేయండి. రెండోది, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారితే ఫోన్ నెట్ కూడా పోతుంది. మూత వేసినా నడవాలంటే పాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు మూత వేస్తే ఏమీ చేయకు అని పెట్టాలి. అలా పెట్టిన ల్యాప్‌టాప్‌ని పరుపు మీద మాత్రం ఉంచొద్దు, వేడెక్కిపోతుంది.

"కనెక్టెడ్ అంటోంది, నెట్ రావట్లేదు"

ఈ మాట వినని వారం లేదు. వరంగల్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఫోన్‌లో వైఫై గుర్తు వచ్చింది, పక్కన ఆశ్చర్యార్థకం పెడుతోంది. నో ఇంటర్నెట్ అంట."

"ల్యాప్‌టాప్‌లో నెట్ వస్తోందా?"

"వస్తోందిగా, యూట్యూబ్ నడుస్తోంది."

"వీపీఎన్ ఏమైనా ఆన్‌లో ఉందా?"

కాసేపు మౌనం. "ఉంది. తీసెయ్యాలా?"

తీసేశాక వచ్చింది. నేను ఎప్పుడూ ఈ వరుసలోనే వెతుకుతాను: ముందు వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించే సాఫ్ట్‌వేర్), తర్వాత విడిగా కొన్న యాంటీవైరస్‌లోని ఫైర్‌వాల్ (నెట్ రాకపోకల్ని అడ్డుకునే కాపలా), ఆ తర్వాత ఏ కనెక్షన్‌ని పంచుతున్నామో ఆ వరుస. వైరు, వైఫై రెండూ కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ ఒక్కోసారి నెట్ లేని దాన్ని పంచుతూ కూర్చుంటుంది. ఇవన్నీ బాగుంటే ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరిచి ఐపీ అడ్రస్ (ఆ నెట్‌వర్క్‌లో ఫోన్‌కి ఇచ్చిన నంబరు) చూడండి. అది 192.168.137తో మొదలైతే ఫోన్, ల్యాప్‌టాప్ చక్కగానే మాట్లాడుకుంటున్నాయి, అడ్డం ల్యాప్‌టాప్‌కి అవతల ఉంది. అలాంటి అడ్రసే రాకపోతే ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి మధ్యలోనే ఏదో తెగింది. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్తది వేయడం మంచిది. విండోస్ తనంతట తను వేసే డ్రైవర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

తప్పు ఎప్పుడూ మీదే కానక్కర్లేదు కూడా. 2022 జూన్‌లో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, హాట్‌స్పాట్‌కి ఒక ఫోన్ కలవగానే ల్యాప్‌టాప్‌లోనే నెట్ పోవడం మొదలైంది. మైక్రోసాఫ్ట్ ఆ సమస్య ఉందని ఒప్పుకుని తర్వాతి అప్‌డేట్లలో సరిచేసింది. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోతే, రాత్రి ఏమైనా అప్‌డేట్ పడిందేమో ముందు చూడండి.

కేబుల్ ఆయన ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు

ఇది మన ఊళ్లలో ఎక్కువ కనిపించే కేసు కాబట్టి విడిగా చెప్తున్నాను. కొన్ని చోట్ల వైరు గుచ్చగానే నెట్ రాదు. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ అనే ఐకాన్ నొక్కి, ఐడీ, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేయాలి. దీన్ని పీపీపీఓఈ అంటారు. ఇలా వచ్చే నెట్‌ని విండోస్ కొత్త హాట్‌స్పాట్ చాలాసార్లు గుర్తించదు. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ హాయిగా తిరుగుతుంటే, సెట్టింగ్స్ మాత్రం మీకు అసలు నెట్ కనెక్షనే లేదు అని చెప్తుంది. చూసినవాళ్లకి పిచ్చెక్కుతుంది.

దీనికి పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఒక అడ్డదారి ఉంది. నెట్‌వర్క్ కనెక్షన్లలో ఆ బ్రాడ్‌బ్యాండ్ ఐకాన్ ప్రాపర్టీస్ తెరిచి, షేరింగ్ ట్యాబ్‌లో టిక్ పెట్టి, హాట్‌స్పాట్ కోసం విండోస్ సృష్టించిన అడాప్టర్‌ని ఎంచుకోవాలి. పని చేస్తుంది, కానీ రీస్టార్ట్ చేసినప్పుడల్లా మళ్లీ మొదటికి రావచ్చు. ఒక రాత్రి గడవడానికి సరే. అదే మీ రోజూవారీ నెట్ అయితే మాత్రం రూటర్ కొనండి, దాంట్లోనే ఆ ఐడీ, పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి పెట్టుకోవచ్చు.

విడిగా సాఫ్ట్‌వేర్ కావాలా?

విండోస్ 7, 8 రోజుల్లో కావాల్సి వచ్చేది. అప్పట్లో విండోస్‌లో హోస్టెడ్ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉన్నా దానికి బటన్ లేదు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి. కనెక్టిఫై, మైపబ్లిక్‌వైఫై లాంటివి ఆ పనికి ఒక అందమైన ముఖం తగిలించాయి. ఇప్పటికీ యూట్యూబ్‌లో ఆ కమాండ్లు చూపించే వీడియోలు దొరుకుతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా వాటి డ్రైవర్లు ఆ పాత సదుపాయాన్ని వదిలేశాయి కాబట్టి, మీరు అక్షరం పొల్లుపోకుండా కొట్టినా అది మొదలు కాదు. మీ తప్పేమో అని తల పట్టుకోకండి.

కనెక్టిఫైకి ఇప్పుడు ఉచిత వెర్షన్, డబ్బు కట్టే వెర్షన్ రెండూ ఉన్నాయి. ఎవరు ఎంత డేటా వాడారో చూడాలి, ఫలానా ఫోన్‌ని ఆపాలి అనుకునేవాళ్లకి ఉపయోగమే. ఒక్క ఫోన్‌కి నెట్ ఇవ్వడానికి మాత్రం నేను కొనను. ఇక పేరూ ఊరూ తెలియని "ఫ్రీ వైఫై హాట్‌స్పాట్ క్రియేటర్"ల జోలికి అసలు పోవద్దు. మీ ఫోన్ నెట్ మొత్తం దాని గుండా వెళ్తుంది, దాంతో పాటు బ్రౌజర్‌కి ఏవేవో టూల్‌బార్లు తగిలించి పోతుంది.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్, అందులో ఇంటర్నెట్ షేరింగ్. వైరు నెట్‌ని వైఫైగా పంచడం చక్కగా చేస్తుంది. వైఫైతో తీసుకున్న నెట్‌ని మళ్లీ వైఫైగా పంచడం మాత్రం ఉన్న ఒక్క కార్డుతో కుదరదు, అడిగినా ఒప్పుకోదు. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఈథర్నెట్ పోర్టు మొదటి నుంచీ లేదు కాబట్టి ముందు లాన్ అడాప్టర్ (యూఎస్‌బీ పోర్టుకి నెట్ వైరు కలిపే చిన్న ముక్క) కొనాలి. అది కొన్నాక ఇంకో దారి తెరుచుకుంటుంది, కొంచెం ఆగండి.

ఉబుంటు లాంటి వాటిలో వైఫై సెట్టింగ్స్ మూల ఉన్న చుక్కల మెనూలో టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్ అని ఉంటుంది. నొక్కితే అప్పటిదాకా ఉన్న వైఫై కనెక్షన్ తెగిపోతుంది, కాబట్టి ఇక్కడా వైరు ఉన్నవాళ్లకే సుఖం.

బ్లూటూత్, యూఎస్‌బీ

బ్లూటూత్ మీద నెట్ పంచుకోవచ్చు, కానీ ఒకటి రెండు ఎంబీపీఎస్ దాటదు. వాట్సాప్ మెసేజ్‌లకి, ఓటీపీలకి సరిపోతుంది. రీల్స్ చూద్దామనుకుంటే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. వైఫై కార్డు పాడైన ల్యాప్‌టాప్‌లో చివరి ఆశగా తప్ప నేను చెప్పను.

యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్ నెట్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఎక్కించే గ్నిరెహ్‌టెట్ అనే ఉచిత టూల్ ఉంది. టెథరింగ్ అన్న ఇంగ్లీషు మాటని వెనక నుంచి రాసి ఆ పేరు పెట్టారు. ఫోన్‌ని రూట్ చేయక్కర్లేదు, అంటే దాని లోపలి తాళాలు తీయక్కర్లేదు, కానీ డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి, కమాండ్లతో పరిచయం ఉండాలి. యాప్‌లు తయారుచేసేవాళ్లకి బాగుంటుంది. నాన్నగారి ఫోన్‌కి పెట్టే పని కాదు. ఒకటి గుర్తుంచుకోండి, డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

అసలు ల్యాప్‌టాప్‌నే పక్కన పెడితే

వైరు నెట్ ఉండి, ఇవ్వాల్సింది ఒక్క ఫోన్‌కే అయితే, చాలామందికి తట్టని దారి ఒకటుంది. యూఎస్‌బీ టైప్-సి లాన్ అడాప్టర్‌ని నేరుగా ఫోన్‌కే గుచ్చేయడం. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు దీన్ని ఏ యాప్ లేకుండానే పట్టుకుంటాయి. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి ఐఫోన్లలోనూ టైప్-సి పోర్టే కాబట్టి వాటికీ అదే అడాప్టర్ పని చేస్తుంది. వైరు పెట్టగానే ఫోన్ వైఫై, మొబైల్ డేటా ఆపేసి చూడండి, నెట్ వస్తూనే ఉంటుంది. లాగిన్ పేజీ ఉండే నెట్ అయితే ఫోన్ బ్రౌజర్‌లోనే లాగిన్ అవ్వొచ్చు.

ఇబ్బందులు లేకపోలేదు. ఫోన్ వైరుకి కట్టేసినట్టవుతుంది, చార్జింగ్ పోర్టు అడాప్టర్‌కే పోతుంది, పైన చెప్పిన పీపీపీఓఈ డయలింగ్ మామూలు ఫోన్లలో ఉండదు. చవక అడాప్టర్లు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి, కొనేటప్పుడు గిగాబిట్ అని ఉందో లేదో చూసుకోండి. అయినా రాత్రి పది జీబీల గేమ్ అప్‌డేట్ దింపుకోవడానికో, ఆన్‌లైన్ పరీక్ష రాసే రెండు గంటలకో ఇంతకంటే నిలకడైన నెట్ దొరకదు. లాన్ పోర్టు లేని పలుచటి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఈ అడాప్టర్ ఎలాగూ కావాలి, కాబట్టి డబ్బు వృథా కాదు.

రూటర్ ఎప్పుడు కొనాలి

ఫోన్‌కి నెట్ రోజూ కావాలంటే, లేదా ఇంట్లో ఒకటికి మించి ఫోన్లు ఉంటే, ల్యాప్‌టాప్‌తో తంటాలు పడటం కంటే రూటర్ కొనడమే నయం. మామూలు రూటర్ వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో వస్తుంది. ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచక్కర్లేదు, మీరు ఊరెళ్లినా ఇంట్లోవాళ్లకి నెట్ ఉంటుంది, కరెంటు కూడా ల్యాప్‌టాప్ కంటే తక్కువే తాగుతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. హాట్‌స్పాట్ కింద ఉన్న ఫోన్ వేరే చిన్న నెట్‌వర్క్‌లో ఉంటుంది కాబట్టి, ఇంట్లో వైఫై ప్రింటర్, టీవీ దానికి కనిపించవు. రూటర్ ఉంటే అన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వస్తాయి.

"మా కేబుల్ ఆయన నా కంప్యూటర్‌కే లాక్ చేశాడు, రూటర్ పెడితే రాదు" అని కొందరు వెనకాడతారు. ఆ లాక్ సాధారణంగా ల్యాప్‌టాప్ లాన్ కార్డు మ్యాక్ అడ్రస్‌కి ఉంటుంది, అంటే ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే గుర్తింపు నంబరుకి (యాపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు). ఆయనకి ఫోన్ చేసి ఆ లాక్‌ని రూటర్ అడ్రస్‌కి మార్చమంటే రెండు నిమిషాల పని. చాలా రూటర్లలో ల్యాప్‌టాప్ అడ్రస్‌నే కాపీ చేసుకునే మ్యాక్ క్లోన్ అనే సెట్టింగ్ కూడా ఉంటుంది.

తరచూ హోటళ్లలో దిగేవాళ్లకి అరచేతిలో పట్టే ట్రావెల్ రూటర్లు ఉన్నాయి. ఖరీదు మామూలు వాటికంటే ఎక్కువే. హోటల్ లాగిన్ దాంట్లో ఒకసారి చేస్తే మీ ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ దాని కింద కలుస్తాయి. నెలకి ఒకటి రెండు రాత్రులు బయట గడిపేవాళ్లకి అంత అవసరం లేదు, ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ చాలు.

హాస్టల్, ఆఫీసు నెట్ అయితే

పంచడం వీలవుతుందా అన్నది ఒకటి, పంచవచ్చా అన్నది వేరు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలా కంపెనీలు కనెక్షన్ షేరింగ్‌ని పాలసీతోనే మూసేస్తాయి. మూసేసి ఉంటే దానికి దొంగదారులు వెతక్కండి, ఉద్యోగం కంటే ఫోన్ నెట్ ఎక్కువ కాదు.

కాలేజీలో మీ రోల్ నంబరుతో లాగిన్ అయిన నెట్‌ని పంచితే, మీ ఫ్రెండ్ ఆ నెట్ మీద ఏం చేసినా లాగ్‌లో మీ పేరే ఉంటుంది. పంచుతున్న సంగతి తెలియదులే అనుకోవడమూ కుదరదు. విండోస్ ల్యాప్‌టాప్ పంపే ప్యాకెట్లలో టీటీఎల్ అనే అంకె (ప్యాకెట్ ఇంకా ఎన్ని మజిలీలు దాటగలదో చెప్పేది) 128తో మొదలవుతుంది, ఫోన్‌వి 64తో. ఫోన్ ప్యాకెట్ ల్యాప్‌టాప్ దాటేటప్పుడు ఒకటి తగ్గి 63 అవుతుంది. ఒకే లాగిన్ నుంచి 128లు, 63లు కలిసి వస్తుంటే వెనక ఇంకో డివైజ్ ఉందని నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. సొంత ఫోన్‌కి ఇచ్చుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవచ్చు, ఫ్లోర్ మొత్తానికి ఇస్తే పిలుపు వస్తుంది. అమెరికాలో చదువుకునే మన పిల్లలకి ఇంకో మాట: అక్కడ చాలా యూనివర్సిటీల హాస్టళ్లలో సొంత రూటర్ పెట్టకూడదన్న నియమం ఉంటుంది. ఫోన్‌ని వాళ్ల నెట్‌వర్క్‌లో నేరుగా రిజిస్టర్ చేసుకునే దారి ఉందేమో ముందు కనుక్కోండి, హాట్‌స్పాట్ గొడవే ఉండదు.

ఫోన్‌కి ఒక మాట చెప్పి పెట్టండి

డాంగిల్ గురించి పైన చెప్పిన చిక్కు ఇదే. ఫోన్ దృష్టిలో వైఫై అంటే అంతులేని నెట్. అవతల ఉన్నది రోజుకి 2 జీబీల సిమ్ అని దానికి తెలియదు. వైఫై గుర్తు రాగానే గూగుల్ ఫోటోస్ బ్యాకప్ మొదలుపెడుతుంది, ప్లే స్టోర్ యాప్‌లన్నీ అప్‌డేట్ చేస్తుంది, వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులోని గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ దింపేస్తుంది. మీరు ల్యాప్‌టాప్‌లో జూమ్ కాల్ మొదలుపెట్టేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది.

ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు పక్కన ఉన్న గేర్ గుర్తు నొక్కి, నెట్‌వర్క్ యూసేజ్‌లో ట్రీట్ యాజ్ మీటర్డ్ (లెక్కపెట్టి వాడాల్సిన నెట్) అని పెట్టండి. కొన్ని ఫోన్లలో పేరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఐఫోన్‌లో అదే చోట లో డేటా మోడ్ ఉంటుంది. ఒక్కసారి పెడితే ఆ నెట్‌వర్క్‌కి అలాగే గుర్తుంటుంది. అయితే హాట్‌స్పాట్ పేరు మారిస్తే ఫోన్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుంటుంది, మళ్లీ పెట్టాల్సి వస్తుంది.